చోట్లు చూసే ఉద్యోగం

నేను చేసే ఉద్యోగం ఏమిటో నలుగురికి చెప్పడం మా నాయనకు రెండేళ్ళ పాటు చేతకాలేదు. నెల్లూరులో ఆయనది ఆటోలకు టాపులు, సీట్లు కుట్టే అంగడి. సీటు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు నోరు మూసుకుని కూర్చోరు కదా, మిషను ఆడుతున్నంతసేపూ ఇంటి సంగతులన్నీ అడుగుతారు. "మీ అమ్మాయి ఏం చేస్తుండాది భాయ్?" అన్న ప్రశ్న వచ్చిందంటే చాలు, మా నాయన మిషను తొక్కడం జోరు చేసి "కరెంటాఫీసులో" అనేసేవాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయనకు తోచిన నిజం అంతవరకే.

నా పని చోట్లు చూడడం. కరెంటు బండ్లకు చార్జింగ్ మిషన్లు పెట్టే కంపెనీలో చేస్తున్నాను, దాని ఆఫీసు హైదరాబాదులో ఉంది. మిషను ఏ హోటలు ముందర పెట్టాలి, ఏ కిరాణా అంగడి పక్కన పెడితే బండ్లు ఆగుతాయి, ట్రాన్స్‌ఫార్మరు ఎంత దూరం, సెల్లుకు సిగ్నలు అందుతుందా, డ్రైవరు కూర్చోవడానికి నీడ ఉందా, ఆడవాళ్ళు వస్తే బాత్రూము ఉందా, ఇవన్నీ తిరిగి చూసి ఫలానా చోటు అని రాసి పంపాలి. నెల్లూరు నుంచి సముద్రం దాకా ఉన్న రోడ్లన్నీ నా స్కూటరుకు కంఠస్థం. మా కంపెనీలో ఈ పనికి ఎండలో తిరిగే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

"చోట్లు చూసేది కూడా ఒక ఉద్యోగమా?" అనేవాడు మా నాయన. "పెళ్ళికూతుర్ని చూసొచ్చినట్టు చోటును చూసొస్తే జీతమిస్తారా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నువ్వు మాత్రం చేసేదేంది, గుడ్డకు బొక్కలు పెట్టడమే కదా!" అనేదాన్ని. ఆయన పడీ పడీ నవ్వేవాడు. నవ్వి, మర్నాడు ఎవరైనా అడిగితే మళ్ళీ కరెంటాఫీసే చెప్పేవాడు.

ఆయన అలా దాటేస్తున్నందుకు తగ్గట్టే నేను నా మొదటి చోటు చూశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. కంపెనీ సముద్రం వైపుకు రెండు మిషన్లు ఇస్తానంది. మొదటిదానికి నేను మైపాడు బీచి చూశాను. చూసింది కార్తీక మాసంలో. నాలుగు ఆదివారాలు, నాలుగు సోమవారాలు బీచి రోడ్డు మొదట్లో గొడుగేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి కారుకూ ఒక గీత గీశాను. సముద్ర స్నానాలకు జిల్లా జిల్లా కదిలొచ్చింది. గీతలు గీయడానికి తెచ్చుకున్న కాగితాలు చాలక, టీ కొట్టాయన దగ్గర పాత క్యాలెండరు అడిగి దాని వెనక గీశాను. లెక్క చూసి హైదరాబాదులో మా సారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. మాఘమాసం వచ్చేసరికి కార్లకు పెట్టే పెద్ద మిషను బీచిలో నిలబడింది. దాని పక్కన నిలబడి నేను ఫొటో కూడా దిగాను.

ఆ తర్వాత మిషను ఉంది, కార్లు లేవు. కార్తీకం వెళ్ళిపోయాక మైపాడు ఎలా ఉంటుందో నెల్లూరులో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా? చిన్నప్పుడు కార్తీకం ఆదివారాల్లో పక్కింటివాళ్ళ వ్యానెక్కి మేమూ పోయేవాళ్ళం. వాళ్ళు స్నానాలు చేస్తుంటే మేం ఇసుకలో గవ్వలేరుకునేవాళ్ళం. అన్నీ తెలిసి కూడా, కళ్ళెదుట అన్ని కార్లు వరస కట్టేసరికి నా బుర్ర పని చేయలేదు. ఉప్పుగాలికి ప్లగ్గు మూతులు ఎర్రగా తుప్పు పట్టాయి. ఆ మిషను నీడ ఊరకుక్కలకు బాగా పనికొచ్చింది.

మా నాయన విషయం విని సూదిలో దారం ఎక్కిస్తూనే అన్నాడు. "రొట్టెల పండగ నాడు దర్గా చెరువు కాడికి పోయి, ఆ జనాన్ని చూసి, అబ్బో ఇక్కడ ఎంత పెద్ద ఊరుండాదో అనుకునేదాని మాదిరి ఉండాది నీ లెక్క."

ఆ మాట నిజం కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడో రోజు సారు ఫోను చేశారు. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తేనే బాగుండేది. "ఇంకొక్క మిషను ఉంది మేడం. మే నెలాఖరులోపు చోటు చెప్పండి. అది కూడా మూడు నెలల్లో ఆడకపోతే రెండూ తీసుకెళ్ళి హైవే మీద పెట్టేస్తాం. సముద్రం వైపు ఫైలు మూసేద్దాం. మీరు కూడా ఇక తిరగక్కర్లేదు, ఆఫీసులో కూర్చుని మ్యాపులు చూద్దురుగాని" అన్నారు. జీతం ఎక్కడికీ పోదు. కానీ రోడ్డు పోతుంది. నాకు ఉన్నది ఆ రోడ్డు ఒక్కటే అనిపించింది.

మే నెలాఖరు అనడం సారుకు తేలిక. అది వేట నిషేధం నడిచే కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలు మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. బోట్లు ఒడ్డున పడుకుంటే చేపలు తోలే ఆటోలు కూడా పడుకుంటాయి. మైపాడు రోడ్డులో పొద్దున్నే ఐస్ నీళ్ళు కార్చుకుంటూ దూసుకుపోయే బండ్లలో ఒకటీ అరా తప్ప కనిపించవు. కార్తీకంలో లెక్కపెడితే లేని బండ్లు కనిపించాయి, ఇప్పుడు లెక్కపెడితే ఉన్న బండ్లు కనిపించవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గొడుగు మడిచి స్కూటరు డిక్కీలో పెట్టి, దిక్కుతోచక మా నాయన అంగడికి పోయి ఒక మూల కూర్చున్నాను.

అంగడి మాత్రం కిటకిటలాడుతోంది. వేట ఉన్నన్నాళ్ళూ చేపల ఆటో ఒక్క పూట కూడా ఆగదు. చిరిగిన సీటైనా, కారే టాపైనా నిషేధం వచ్చాకే మరమ్మతుకు తెస్తారు. ఆ రోజు ముందర రెండు ఆటోలున్నాయి. ఒకటి డీజిలుది, రెండోది కరెంటుది. మా నాయన రెండింటి సీట్లూ ఊడదీసి నేల మీద పరిచి, బ్లేడుతో కుట్లు విప్పుతున్నాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, "ఇట్రా, ఈ దారం పట్టుకోని లాగు" అన్నాడు.

డీజిలు బండి సీటు దారం లాగాను. వేళ్ళ మధ్య పిండి అయిపోయింది.

"ఇప్పుడు దాన్ని లాగు."

కరెంటు బండి దారం లాగితే వేలు కోసుకుంది కానీ తెగలేదు.

"నువ్వు పిండి చేసింది పోయినేడు కుట్టినాను. తెగనిది రెండేళ్ళయింది. రెండూ ఒకే ఉండలో దారం" అన్నాడు మా నాయన. "రెండూ చేపలు తోలే బండ్లే. ఒకాయన ఉప్పునీళ్ళతో కడుగుతాడు, ఇంకొకాయన మంచినీళ్ళతో కడుగుతాడు. సీటు విప్పితే నాకు తెలిసిపోతాది, ఎవుడు యాడ కడిగినాడో."

ఆ కరెంటు ఆటో డ్రైవరు పక్కనే బెంచీ మీద ఉన్నాడు. మైపాడు మనిషి, వాళ్ళ నాయన పడవ మీద పోయేవాడు, ఇతను బండి ఎక్కాడు. తన సీటుకు వచ్చిన మెప్పుకు అతనికి సంబరమేసింది.

"మాకు సగం దార్లో అక్క టిఫినంగడి ఉండాది కదా భాయ్, ఆ బోరు నీళ్ళు" అన్నాడు. "మా ఊర్లో నీళ్ళన్నీ ఉప్పే. రొయ్యల గుంటలొచ్చినాక మరీ ఉప్పు. ఆ నీళ్ళు పోస్తే రేకు కూడా తినేస్తాది. అందుకని మార్కెట్టులో చేపలు దించేసి వచ్చేటప్పుడు అందరం అక్క కాడ్నే ఆగి కడుగుతాం."

"అందరంటే?" అన్నాను మూలలోంచి.

"చేపల బండ్లన్నీనమ్మా. ఇదొక్కటే పోయినేడు ఈ రోడ్డుకొచ్చింది, ఆ నీళ్ళ సంగతి ఇంకా తెలుసుకోలా" అని డీజిలు ఆటోను చూపించాడు.

"కడగడానికి ఎంతసేపు పడుతుంది?"

"నీసు వాసన అంత సులువుగా పోద్దా? కడిగి, ఆరబెట్టుకోని, పులిబొంగరాలు తిని లేసేసరికి గంట."

"గంటసేపు బండి ఊరికే నిలబడి ఉంటుందా?"

"నిలబడక ఏం చేస్తాది?" అని నవ్వాడు. మళ్ళీ తనే అన్నాడు. "మా కరెంటు బండ్లకు ఒక్కటే బాధ. మొదటి ట్రిప్పుకు బ్రమ్మాండంగా పోతాయి. రెండో ట్రిప్పుకు బ్యాటరీ చాలదు. ఇంటి కాడ ఎక్కించుకునేసరికి బేరం డీజిలు బండ్లోళ్ళు కొట్టుకోని పోతారు."

నెలరోజులు గొడుగు కింద కూర్చుని నేను లెక్కపెట్టింది పరిగెత్తే బండ్లను. పరిగెత్తే బండికి చార్జింగ్ ఎవరు పెడతారు? తన పని మీద తాను గంటసేపు నిలబడే బండి కావాలి నాకు. ఆ బండ్లు ఎక్కడ నిలబడతాయో మా నాయన కుట్టు విప్పిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాడు. నేనెప్పుడూ అడగలేదు, ఆయనకేమో అది చెప్పదగ్గ సంగతని తెలియదు. అప్పటికే ఆయన దారం కొస నోట్లో తడి చేసుకుంటూ వేరే పనిలో పడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అక్క అంగడికి పోయాను. మైపాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందర రెండు బెంచీలు, ఎడమ చేతి వైపు బోరు, దానికి పొడుగాటి పైపు. అక్క ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. మోకాళ్ళు అరిగాక గంప దించి పొయ్యి పెట్టుకుని, పులిసిన పిండితో పులిబొంగరాలు వేసి అమ్ముతోంది. నేను విషయం చెబుతుంటే ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

"ముందు తాగి చూడు. తర్వాత మాట్లాడు."

తాగాను. తియ్యగా ఉన్నాయి. చుట్టూ అరమైలు దూరంలో రొయ్యల గుంటలు పెట్టుకుని ఆ నీళ్ళు అలా ఎలా ఉన్నాయో దేవుడికెరుక. ఆ నీళ్ళను చూసుకుని అక్కకు ఉన్నంత గర్వం బంగారం చూసుకుని కూడా ఎవరికీ ఉండదు.

"అంతా బాగుంది కానీ, నీళ్ళు పారే చోట కరెంటు పెడతానంటావు. నా అంగట్లో ఎవుడన్నా షాకు కొట్టి పడితే?" అంది.

సారు కూడా అదే అడుగుతారని నాకు తెలుసు. అందుకని అక్కా నేనూ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బిందెలు బిందెలు నీళ్ళు బోరు దగ్గర కుమ్మరించాం. నీళ్ళు ఎటు పోతాయో నేను సెల్లులో వీడియో తీశాను. పది బిందెలు పోశాం. ప్రతి చుక్కా ఎడమ పక్క పల్లంలోకి, వరిపొలం వైపే పారింది. కుడి పక్క మెరక మీద దుమ్ము కూడా తడవలేదు. మోకాలెత్తు దిమ్మె కట్టి, ఆ కుడి పక్కనే మిషను పెట్టాలని గుర్తుగా నాలుగు రాళ్ళు పాతాను. అక్క నడుం పట్టుకుని బెంచీ మీద కూలబడి, "చార్జింగ్ ఏమో కానీ, నా వాకిలి మాత్రం బాగా కడిగించినావు" అంది.

రిపోర్టు పంపిన మర్నాడే సారు వీడియో కాల్లో కనిపించారు.

"ట్రాఫిక్ లెక్క ఏది మేడం?"

"ఇప్పుడు లెక్కపెడితే ఏమీ రాదు సార్. వేట లేదు."

"ఏమీ రాని చోట మిషను పెట్టమంటారా?"

"లెక్కలేనన్ని కార్లు వచ్చిన చోట పెట్టాం కదా సార్, ఏమైంది? అది కార్ల మిషను, ఇక్కడ ఆటోలకు చిన్న మిషను చాలు, నాలుగు ప్లగ్గులుంటే చాలు. ఆ ఆటోలు రోజూ ఇక్కడ గంటసేపు ఆగుతాయి."

"ఆగుతాయని ఎవరు చెప్పారు?"

దారం సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే, ఎవరో సీట్లు కుట్టే ఆయన మాట మీద కంపెనీ మిషను పెట్టాలంటారు."

"ఎవరో కాదు సార్, మా నాయన" అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా పెద్దదిగా వచ్చింది. "ఈ జిల్లాలో ఆయన విప్పి చూడని ఆటో లేదు. మన మ్యాపుకు తెలియంది ఆయన వేళ్ళకు తెలుసు."

ఆయన నీళ్ళ వీడియో రెండుసార్లు చూసి, "మూడు నెలలు. గుర్తుంచుకోండి" అన్నారు.

జూన్‌లో నాలుగు ప్లగ్గుల మిషను దిమ్మె మీదికి వచ్చింది, వేట నిషేధం తీసేశారు. బోట్లు పోయాయి, చేపలు వచ్చాయి, ఆటోలు రోడ్డెక్కాయి. నేను పొద్దున్నే అక్క బెంచీ మీద కూర్చున్నాను. మా నాయన అంగట్లో విన్నది అక్షరాలా జరిగింది. చేపల బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి, కడిగారు, తిన్నారు, వెళ్ళిపోయారు. మిషను వైపు ఒక్కడు కూడా పోలేదు. రెండో రోజూ అంతే. వారమంతా అంతే.

"చార్జింగ్ ఎందుకు పెట్టరన్నా?" అని మా అంగట్లో చూసిన డ్రైవరునే పట్టుకుని అడిగాను.

అతను తడి చేతులు చూపించాడు. "ఒళ్ళంతా నీళ్ళే కదమ్మా. ఈ చేతుల్తో కరెంటు పట్టుకోమంటావా? చేపలమ్ముకుని బతికేవాళ్ళం, ఆ చేపల మాదిరే ఏగిపోతాం."

అక్షరాలా అంతే. పొడి నేల చూసుకున్నాను కానీ మనుషులు తడిసి ఉంటారని నాకు తట్టలేదు. ఏం చేయాలో తెలియక నేను తల పట్టుకుంటే అక్క గమ్మునుండమని చెయ్యి చూపించింది. లోపలికి పోయి ఉతికిన తువ్వాళ్ళు నాలుగు తెచ్చి దిమ్మె పక్కన కొయ్యకు తగిలించింది. గరిటె పట్టుకుని షెడ్డు ముందర నిలబడి అందరికీ వినబడేలా అరిచింది.

"వినండ్రా! ఈ రోజు నుంచి కరెంటు బండ్లోళ్ళు ముందు బండి కడగాల. తర్వాత చేతులు తుడుచుకోని ప్లగ్గు పెట్టాల. ప్లగ్గు పెట్టినోడికే పులిబొంగరాలు. పెట్టనోడు వాసన చూసి పోవచ్చు!"

మొదట ఆమే పోయి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఆ డ్రైవరు బండికి ప్లగ్గు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. అక్కకేమీ కాలేదు. అందరూ ఆమె మొహంకేసి చూస్తున్నారు, ఆమె మాత్రం పొయ్యి దగ్గరికి పోయి పిండి గిలక్కొట్టుకుంది. అక్క అసలే నిదానస్తురాలు, బొంగరాలు వేగేసరికి బ్యాటరీకి కావలసినంత ఎక్కేది. నెల తిరిగేసరికి రెండో ట్రిప్పు బేరాలు కరెంటు బండ్లకు వచ్చాయి. ప్లగ్గు దొరకక రెండు బండ్లు వెనక నిలబడి హారన్లు కొట్టిన రోజున నేను ఆనందం పట్టలేక రెండు ప్లేట్లు తిన్నాను.

మూడు నెలలు నిండకముందే సారు ఫోను చేశారు. మిషను అక్కడే ఉంటుంది, ఇంకో నాలుగు ప్లగ్గులు వస్తాయి, సముద్రం వైపు ఫైలు తెరిచే ఉంటుంది, నా స్కూటరుకు ఇంకా పని ఉంది. చివర్లో కొంచెం నసుగుతూ ఇంకో మాట చెప్పారు. సముద్రం దగ్గర చోట్లు చూసే ఫారంలో కొత్తగా ఒక గడి చేర్చారట: దగ్గర్లో మంచినీళ్ళు ఎక్కడున్నాయి, బండ్లు ఎక్కడ కడుగుతారు? చిట్టమూరు వైపు చోట్లు చూస్తున్న మా వాళ్ళు ఇప్పుడు ఆ గడి నింపడానికి చెంబు పట్టుకుని బోరు బోరుకూ తిరుగుతున్నారు.

ఆ సంగతి మా నాయనకు చెబితే, "సరేలే" అన్నాడంతే. మర్నాడు పొద్దున నేను అక్క అంగడికి పోయేసరికి ఆయన అక్కడ ఉన్నాడు. శుక్రవారం తప్ప అంగడి మూయని మనిషి, ఆ డ్రైవరు ఆటోలో వచ్చి దిగాడు. చేతిలో మడత పెట్టిన నల్ల రెక్సిను. వానకీ ఉప్పుగాలికీ మిషను పాడవుతుందని టాపు కుట్టి తెచ్చాడు. ఆటోకు బిగించినట్టే, మిషను చుట్టూ నిలబెట్టిన కమ్మీల మీద పరిచి, అంచులు అక్కడికక్కడే చేత్తో కుడుతున్నాడు. రెండు పేటల దారం. నన్ను చూశాడు కానీ పలకరించలేదు, పళ్ళ మధ్య సూది ఉంది.

బండి కడుగుతున్న పెద్దాయన ఒకడు పైపు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. కొత్తగా కరెంటు బండి కొన్నాడట. నీళ్ళను చూశాడు, మెరకను చూశాడు, నీడను చూశాడు.

"సరైన చోటు పట్టినారే. ఎవురు చూసింది భాయ్ దీన్ని?"

మా నాయన నోట్లోంచి సూది తీశాడు.

"మా బిడ్డ" అన్నాడు. "చోట్లు చూసే ఉద్యోగం చేస్తుండాది."

చెబుతూ చెబుతూ కుడుతూనే ఉన్నాడు. కుట్టు ఎప్పటి మాదిరిగానే నిదానంగా పడింది, జోరు కాలేదు. నేను బోరు దగ్గరికి పోయి ఆ మంచినీళ్ళతో చాలాసేపు మొహం కడుక్కున్నాను.